పూజ మర్నాడు పలకని కంప్యూటరు

డిగ్రీలో కంప్యూటర్స్ చదివిన ఆడపిల్ల అంటే ఆ రోజుల్లో మా కోయిలకుంట్లలో ఒక హోదా. ఆగిపోయిన మిక్సీ దగ్గర్నుంచి మొరాయించిన సెల్‌ఫోను దాకా ఏది తెచ్చి చేతిలో పెట్టినా బాగు చేసేస్తుందని జనం గట్టిగా నమ్మేవాళ్లు. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ కాదనలేదు (ఎందుకు కాదంటాను, ఆ వయసు అలాంటిది). ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఏం చేస్తానని మా చిన్నాయన ఫోటో స్టూడియోలో చేరాను. పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, పాస్‌పోర్టు ఫోటోలు అన్నీ వెనకగదిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు మీద నడిచేవి. దాని ముందు నేను కూర్చునేదాన్ని కాబట్టి బజారంతా నన్ను 'కంప్యూటరమ్మి' అని పిలిచేది. ఆ పిలుపుకి పైకి మూతి ముడుచుకునేదాన్ని గానీ, లోపల భలే సంబరంగా ఉండేది.

ఆ ఏడు దసరాకి ముందు మా స్టూడియోకి పాటలవ్వ వచ్చింది. మా వీధి చివర చర్చిలో ఏళ్ల తరబడి పాటలు ఎత్తుకునేది ఆవిడే. గొంతులో గడ్డ లేచింది, కర్నూలులో ఆపరేషన్ చేయాలి, తర్వాత గొంతు వస్తుందో రాదో చెప్పలేమన్నారట డాక్టర్లు. "పోయేలోపల నా పాటలు పట్టి పెట్టు నాయనా" అని చిన్నాయన ముందు కూర్చుంది. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా పాడించి, కెమెరాలో పట్టాం. మధ్యలో చిన్నాయనకి దగ్గొచ్చింది. అవ్వ పాట ఆపకుండానే చూసిన చూపుకి ఆయన గోడకి అతుక్కుపోయాడు. ఆ పాటల్ని కంప్యూటర్లో వేసి, కెమెరా కార్డు చెరిపేసి, మర్నాడు ఎవరిదో నామకరణానికి తీసుకుపోయాం. అంటే అవ్వ గొంతు ఇక ఆ కంప్యూటర్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

అవ్వ ఆపరేషన్‌కి కర్నూలు వెళ్లింది, ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మా చిన్నాయన ఏ పనైనా సగం చేసే మనిషి కాదు. "పైపైన తుడిచి బొట్టు పెడితే పూజంటారా అమ్మీ? విప్పు దాన్ని" అన్నాడు. విప్పి, బ్లోయరుతో దుమ్ము ఊదేసి, పులిహోర కలపడానికి మా పిన్నమ్మ పిలిస్తే లోపలికి వెళ్లాను. వచ్చేసరికి మూత బిగించి ఉంది. కెమెరాలకి, లైట్ల గొడుగులకి, పేపరు కటింగ్ కత్తికి, ఆఖరికి స్టూలు కాళ్లకి కూడా పసుపు కుంకుమలు. కంప్యూటరు చామంతి దండ వేసుకుని కొత్త పెళ్లికొడుకులా కూర్చుంది. దండం పెట్టుకున్నాం, గుమ్మడికాయ కొట్టాం.

మర్నాడు పొద్దున్నే స్విచ్ వేస్తే నీలం తెర వచ్చింది. డిస్కు దొరకట్లేదట. సరే, విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి చూద్దామనుకుంటే, అది కూడా 'డిస్కులేవీ కనిపించట్లేదు, స్టోరేజీ డ్రైవరు ఇవ్వండి' అని అడిగింది. డ్రైవరు అంటే కంప్యూటరుకి డిస్కుతో మాట్లాడటం నేర్పే చిన్న ప్రోగ్రాము. అది లేకపోతే పక్కనే ఉన్న డిస్కు కూడా దానికి లేనట్టే. సరిగ్గా అప్పుడే పాటలవ్వ కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల గొంతుకి గుడ్డ చుట్టుకుని అవ్వ.

"ఏమన్నా, మాయమ్మ పాటలు తీసుకోని పోదామని వచ్చినాము. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది గదా, సాయంత్రం ప్రార్థన పెట్టుకోనుండాము. అందరూ ఆ పాటల కోసమే కాచుకోనుండారు."

"కూచోప్పా, ఇప్పుడే ఇస్తాది మా అమ్మి" అన్నాడు చిన్నాయన, కాఫీకి కేక వేస్తూ.

అమ్మి దగ్గర ఇవ్వడానికి ఏముంది, చెమట తప్ప! ఫోనులో వెతికి కనబడిన డ్రైవరునల్లా దింపి పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఒక్కటీ పనికిరాలేదు. ఒకదానికైతే తెర మరింత నీలంగా మారినట్టు కూడా అనిపించింది (భయంలో అలాంటివి కనబడతాయి). అవ్వ మాత్రం పులి, జలపాతం ఉన్న పరదా ముందు స్టూలు మీద కూర్చుని నా వేళ్లనే చూస్తోంది. ఆపరేషనయ్యాక మాట రాదు మరి. ఆ చూపుకి నాకు ఏడుపొచ్చింది.

"యాడ పోయిందమ్మీ ఆ డిస్కు?"

"యాడికీ పోలేదు చిన్నాయనా, ఈడనే ఉండాది. దీనికే కనపడకుండా ఉండాది."

"నందికొట్కూరులో మా బావమరిదికి ఫోన్ చేసినా. ఫార్మాట్ కొట్టమంటాండాడు."

"కొడితే అవ్వ పాటలు పోతాయి!" అని అరిచాను. చిన్నాయన ముఖం మాడిపోయింది.

ఇంకేం తోచక, మొదట్లో వచ్చే సెట్టింగుల పేజీ తెరిచాను. తేదీ చూస్తే నేను ఇంకా స్కూల్లో చదువుకుంటున్న సంవత్సరం. అప్పుడు వెలిగింది బుర్రలో. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీని, డిస్కుని ఏ పద్ధతిలో చూడాలన్న సెట్టింగుని గుర్తుంచుకునేది అదే. అది పనిచేయకపోతే కంప్యూటరు అన్నీ మర్చిపోయి, మొదటి సెట్టింగులకి వెళ్లిపోతుంది. కానీ నెల కిందటే నేనే కొత్త బ్యాటరీ వేశాను కదా, ఎలా పోయింది?

"చిన్నాయనా, నిన్న నేను లోపలికి పోయినాక దీంట్లో ఏం జేసినావు?"

"ఏం జేస్తా? పూజ జేసినా. ఆ తెల్లబిళ్ల లేదూ, దాన్ని మెల్లగా తీసి, రెండు పక్కలా పసుపు పూసి, కుంకుమ పెట్టి, మళ్లా ఆడనే పెట్టినా. ఒక్క పార్టును కూడా వదల్లేదు. శానా భక్తిగా జేసినా."

మూత విప్పితే నిజమే. పసుపు ఎండి పెచ్చు కట్టింది, బ్యాటరీ అంచులు ఎక్కడా తగలట్లేదు. అవ్వ లేచి వచ్చి తొంగి చూసింది. బిళ్ల మీద బొట్టు చూసి, చిన్నాయన ముఖం చూసి, గొంతు పట్టుకుని శబ్దం లేకుండా భుజాలు ఎగిరేలా నవ్వింది. గొంతుకి చుట్టిన గుడ్డ అంచుతో తానే తుడవబోతే కొడుకు ఆపాడు. నేను చున్నీతో తుడిచి పెట్టి, డిస్కు సెట్టింగు పాత పద్ధతికి మార్చాను. ఏ డ్రైవరూ అక్కర్లేకుండానే కంప్యూటరు బుద్ధిగా తెరుచుకుంది.

పాట పెట్టాను. అవ్వ గొంతు గదంతా నిండింది. అవ్వ కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, పెదవులు కదిలిస్తూ వింది. కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. దగ్గు వచ్చిన చోట మాత్రం అవ్వ టక్కున కళ్లు తెరిచి చిన్నాయన వైపు మళ్లీ అదే చూపు చూసింది. ఆయన మళ్లీ గోడకి అతుక్కున్నాడు. "ఆ దగ్గు తీసేస్తా అవ్వా, ఒక్క నిమిషం పని" అన్నాను, పోయిన హోదా కొంతైనా తిరిగి రాబట్టుకుందామని. అవ్వ వద్దంటూ చెయ్యి ఊపింది.

ఇప్పుడు నేను కర్నూలులో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటున్నాను. ఆయుధపూజ రోజు నా మాట ఒకటే, బొట్టు మూత మీదే. అవ్వకి తర్వాత గుసగుసలాంటి గొంతు వచ్చింది గానీ పాట రాలేదు. చర్చిలో ఇప్పటికీ ఆ రికార్డే పెడతారు. మొన్న ఊరెళ్లినప్పుడు బయట నిలబడి విన్నాను. దగ్గు వచ్చే చోటు రాగానే లోపల పిల్లలందరూ కలిసికట్టుగా "ఖళ్ ఖళ్" అని దగ్గి, పాట అందుకున్నారు. వాళ్ల లెక్కలో అది కూడా పాటలో ఒక ముక్కే. ఒక్క నిమిషంలో తీసేస్తానన్న ఆ కంప్యూటరమ్మి గుర్తొచ్చి నవ్వొచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నేనూ చిన్నగా దగ్గాను.