రాజామణికి ఇద్దరు బావలు

పొద్దున ఆరుంబావుకి చోవా చూ కాంగ్‌లో రైలెక్కేది రాజామణి. జురాంగ్ ఈస్ట్‌లో ఒకసారి, తానా మేరాలో ఒకసారి మారి ఎక్స్‌పోలో దిగేసరికి ఏడూ నలభై అయ్యేది. సింగపూరు ద్వీపం పడమటి కొస నుంచి తూర్పు కొసకి ప్రయాణం. సీటు దొరికిన రోజు కూర్చుని, దొరకని రోజు కమ్మీ పట్టుకుని నిలబడి నిద్రపోయేది. నలభై రెండేళ్లకే నిలబడి నిద్రపోవడం ఒంటికి పట్టుబడిందంటే ఆ అలసట నిన్నామొన్నటిది కాదు.

అంతకుముందు పదహారేళ్లు ఒక లాయరుగారి ఆఫీసులో టైపిస్టుగా చేసింది. ముందు టైపు మిషను పోయింది, తరవాత లాయరుగారే పోయారు. ఇంటర్నెట్టు పేరు చెబితే చాలు కంపెనీలు పుట్టుకొస్తున్న కాలం అది. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక ఆఫీసు వాళ్లు, వేళ్లు వేగంగా కదిలితే చదువూ వయసూ చూడకుండా ఉద్యోగాలిస్తున్నారని విని వెళ్లింది. పరీక్ష పెట్టారు. కుర్రపిల్లలందరికంటే ముందు ముగించింది.

పని ఏమిటంటే, యూరప్ రాజుల వంశాలు ఎక్కించడం. ఎక్కడో పరదేశంలో ఎవరో డబ్బున్నవాళ్లు పాత పుస్తకాలు స్కాన్ చేసి పంపుతారు. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఎవర్ని చేసుకున్నారు, ఎప్పుడు పోయారు అన్నది చూసి వీళ్లు కంప్యూటర్‌లో గళ్లు నింపాలి. రోజుకి రెండు వందల మంది రాజులూ రాణులూ రాకుమార్తెలూ రాజామణి వేళ్ల కింద పుట్టి, పెళ్లాడి, చచ్చిపోయేవాళ్లు.

సూపర్‌వైజరు ఉమ అని విజయవాడ అమ్మాయి. ఇరవై ఏడేళ్లుంటాయి. మొదటిరోజే పలకరించి, రాజామణి జవాబు విని నవ్వేసింది.

"ఆంటీ, మీ తెలుగు మా ముత్తాత తెలుగులా ఉంది. మీది ఏ ఊరు?"

"మాది ఊరు కాదమ్మా, మలేసియాలో ఎస్టేటు. పేరాక్‌లో బగాన్ దాతో పక్కన కొబ్బరితోటలు. మా తాత శ్రీకాకులం నుంచి ఓడెక్కి అక్కడ దిగినాడట. మేమెవరం ఆ ఊరు సూళ్లేదు."

ఉమకి ఈ రాజుల చుట్టరికాలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. రాజామణికి మాత్రం నీళ్లు తాగినంత తేలిక. ఎస్టేటులో ఉన్నవి నలభై తెలుగు కుటుంబాలు. బయటి సంబంధం అంటే పడవెక్కి వెతుక్కోవాలి. అందుకని మూడు తరాలుగా అందులోనే ఇచ్చుకున్నారు, అందులోనే పుచ్చుకున్నారు. వరస కలుస్తుందో లేదో చెప్పడం అక్కడ పదేళ్ల పిల్లలకి కూడా వచ్చు.

"విక్టోరియా రాణి చేసుకున్న ఆల్బర్ట్ ఎవరనుకున్నావు? సొంత మేనమామ కొడుకు. మన మేనరికమే," అంది ఒకరోజు కేంటీనులో అన్నం కలుపుకుంటూ.

"నిజంగానా?"

"ఆమె తల్లీ ఇతని తండ్రీ తోడబుట్టినోళ్లు. అది బాగానే వుంది. ఆ రాణి మనవడు, తరవాత రాజయినోడు లేడూ, అతని పెళ్లే నాకు మింగుడు పడ్డంలేదు. పెళ్లికూతురు రాణిగారి పినతండ్రి కూతురికి కూతురు. అంటే రాణికి కూతురు వరస, ఆమె కొడుక్కి చెల్లెలు వరస. మరి ఆ కొడుకు కొడుక్కి ఏటవుతుంది?"

ఉమ వేళ్లు మడిచి లెక్కపెట్టి తెల్లబోయింది. "మేనత్త!"

"మేనత్తని చేసుకున్నాడమ్మా మహారాజు. మా అమ్మమ్మ వింటే తలస్నానం చేస్తుంది."

ఆ పెళ్లికూతురి కాగితం అప్పటికింకా రాజామణి పూర్తిగా చదవలేదు. ఆ మధ్యాహ్నమే చదివింది. పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆ పిల్లకి ముందు నిశ్చయమైంది ఆ రాజు అన్నతో. పెళ్లి ఇంకా ఆరు వారాలుందనగా అతను జ్వరంతో పోయాడు. ఏడాదిన్నర తిరిగాక తమ్ముడికిచ్చి చేశారు.

రాజామణి ఆ మూడు వాక్యాలూ చదివి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. కాసేపటికి ఉమని పిలిచింది.

"దీన్ని ఎక్కడ నింపాలమ్మా? భర్త అనే గడి ఉంది. నిశ్చయమై పోయినోడికి గడి లేదు."

ఉమ తొంగి చూసింది. "పెళ్లి కాలేదు కదా ఆంటీ, వదిలేయండి."

వదిలేసింది. కానీ ఆ సాయంత్రం రైల్లో నిద్ర పట్టలేదు.

రాజామణికి ఎనిమిదేళ్లప్పుడు తల్లి పోతే, మేనమామ అప్పయ్య తీసుకెళ్లి పెంచాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు. శ్యాంసుందర్ ఆమెకంటే ఆరేళ్లు పెద్ద, రవీంద్రన్ రెండేళ్లు పెద్ద. రెండోవాడి పేరు బడిలో తమిళ మేష్టారు రాసిన తీరులోనే ఉండిపోయింది. పెద్దవాడు టౌన్‌లో ఉండి చదువుకుని పండగలకే ఇంటికొచ్చేవాడు; ఒకే కంచంలో తిని పెరిగింది రాజామణీ రవీంద్రనే. పందొమ్మిదో ఏట అమ్మమ్మ బాలనాగమ్మ పెద్దవాడికి రాజామణిని ఖాయం చేసి తాంబూలాలు మార్పించింది. ఐదు వారాలకి టౌన్ నుంచి మోటారుసైకిలు మీద వస్తూ వానలో కొబ్బరికాయల లారీ కింద పడ్డాడు శ్యాంసుందర్.

ఎస్టేటు నోళ్లు ఊరుకోలేదు. కాలు పెట్టకముందే మొగుణ్ణి మింగిందన్నారు. నలభై గడపల్లో ఏ గడపా ఆ పిల్లని కోడలిగా రానివ్వదని బాలనాగమ్మకి తెలుసు. పద్నాలుగు నెలలు ఆగి, రెండోవాడికిచ్చి ముడిపెట్టేసింది. పెళ్లిలో పెళ్లికొడుకు తలెత్తలేదు. పెళ్లికూతురూ ఎత్తలేదు.

తరవాత సింగపూరు వచ్చారు. రవీంద్రన్‌కి జురాంగ్ షిప్‌యార్డు స్టోరులో పని. షర్మిల పుట్టింది. ప్రభుత్వం ఫ్లాటు వచ్చింది. అతను తాగడు, చెయ్యెత్తడు, మాట తూలడు. అసలు మాటే తక్కువ. అన్న కోసం వచ్చిన పిల్లని పెద్దల మాట కాదనలేక నెత్తికెత్తుకున్నాడని రాజామణి అనుకుంది. అనుకుని, అతనికి బరువు కాకుండా ఉండడానికి ఇరవై రెండేళ్లు పాటుపడింది. జ్వరమొస్తే చెప్పేది కాదు. చీర కావాలని అడిగేది కాదు. అతను రాత్రి షిఫ్టు చేసి వచ్చేసరికి ఆమె బయల్దేరేది. అలా సర్దుకుపోవడంలో ఉన్న అలసట ముందు రైలు ప్రయాణం ఎంత!

ఆ ఆదివారం పొద్దున్న ఇద్దరూ బ్లాకు కింద కాఫీ కొట్లో కూర్చున్నారు. షర్మిల ట్యూషన్‌కి పోయింది. రవీంద్రన్ కాఫీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు. రాజామణి ఏదో ఆఫీసు కబురు చెబుతున్నట్టే మొదలుపెట్టింది.

"ఇంగ్లండులో ఒక పిల్ల ఉండేదట. అన్నతో నిశ్చయమైంది. అతను పోయినాడు. తమ్ముడికిచ్చి కట్టేసినారు."

రవీంద్రన్ ఊదడం ఆపాడు.

"ఆ తమ్ముడు రాజయ్యాడంటలే. మనసులో మాట నోటితో చెప్పలేకపోయేవాడట. పెళ్లయ్యాక ఉత్తరాల్లో రాసుకునేవాడట పెళ్లానికి. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలేటో!"

"ఆ పిల్లని అడిగినారా, ఇష్టమేనా అని?"

"ఆడపిల్లని ఎవరడుగుతారు?"

అతను సాసర్ బల్ల మీద పెట్టాడు. ఎదుటి బ్లాకు కేసి చూశాడు. అక్కడ వెదురు గెడలకి బట్టలు ఆరేసి ఉన్నాయి.

"నన్ను అడిగింది నాయనమ్మ," అన్నాడు. "నానొద్దన్నాను."

ఇరవై రెండేళ్లుగా రాజామణి అనుకుంటున్నదే అయినా, అతని నోట విని తట్టుకోవడం వేరు.

"మరెందుకు కట్టినావు?" అంది.

"పూర్తిగా విను. అన్నకి తాంబూలాలు పుచ్చుకున్న రోజు నాను కొబ్బరితోటలోకి పోయి ఏడిసినాను. నువ్వంటే నాకు... నీకు పదహారేళ్లప్పట్నించీ. ఎవరికీ చెప్పలేదు. అన్న బంగారం లాంటోడు, వాడితో నాకు పోటీ ఏటి? ఆ రాత్రి ఒక్కసారి అనుకున్నాను, ఈ పెళ్లి తప్పిపోతే బాగుణ్ణని. అంతే. ఐదు వారాలకి తప్పిపోయింది." సాసర్ పక్కకి జరిపాడు. "పోయినోడి సోటు దొరికిందని సంబరపడి కూర్చోమంటావా? అందుకే వొద్దన్నాను. నాయనమ్మ చెంప పగలగొట్టింది. నువ్వు కాకపోతే ఆ పిల్లకి దిక్కెవర్రా అంది. తాళి కడతా వుంటే నువ్వు ఏడుస్తున్నావు. వాడి కోసం అనుకున్నాను. ఇప్పటికీ వాడి కోసమే ఏడుస్తావని అనుకుంటాను."

కొట్టు కుర్రది వచ్చి కప్పులు తీసుకుపోయింది.

"పెద్దబావ నాతో మాట్లాడిందే పది మాటలు," అంది రాజామణి. "అతని మొగం నాకు ఫొటోలో తప్ప గుర్తే లేదు. పెళ్లిలో ఏడిసింది నీకు నేను ఇష్టం లేదని తెలిసి. నువ్వు వొద్దన్నావని పెళ్లికి ముందే మీ అమ్మ చెప్పేసింది నాకు."

సినిమాలో అయితే ఇక్కడ చేతులు పట్టుకుంటారు. రాజామణికి మాత్రం ఒళ్లు మండిపోయింది. కుర్చీ వెనక్కి తోసి లేచి, లిఫ్టు కోసం ఆగకుండా తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కి వెళ్లిపోయింది. మూడు వారాలు మాట్లాడలేదు. కోపం అన్న మీదా కాదు, తమ్ముడి మీదా కాదు. పోయిన ఏళ్ల మీద. ముప్ఫై ఏళ్లు రాకముందు ఈ మాట చెవిన పడి ఉంటే ఒక నవ్వో, ఒక అలకో, ఒక మూర పూలో అడిగి ఉండేది కదా! ఇప్పుడు చెబితే ఏం చేసుకోను, మోకాళ్ల నొప్పులతో?

"వాట్ హాపెన్డ్ లా, అమ్మా? నాన్నా నువ్వూ ఫైటింగా?" అని సింగపూరు యాసలో అడిగింది షర్మిల, పదిహేడేళ్ల పిల్ల. తల్లిదండ్రులు పోట్లాడుకోగా చూడడం దానికదే మొదలు. కాస్త సరదాగానే ఉన్నట్టుంది.

నాలుగో వారంలో ఒక పొద్దున్న లేచేసరికి రవీంద్రన్ వంటింట్లో ఉన్నాడు. షిఫ్టు నుంచి పెందలాడే వచ్చి పడుకోకుండా, ఆమె టిఫిన్ డబ్బాలో పెరుగన్నం కలిపి పెడుతున్నాడు. ఉప్పు ఎక్కువేశాడు. తినేటప్పుడు రాజామణికి తెలిసింది. అయినా మొత్తం తినేసింది. సాయంత్రం ఇంటికొచ్చి, "ఉప్పు సగం వేస్తే చాలు," అంది. మూడు వారాల తరవాత అదే మొదటి మాట.

డిసెంబరులో పాఠశాలలకి సెలవులిచ్చాక ముగ్గురూ బస్సులో బగాన్ దాతో వెళ్లారు. బాలనాగమ్మకి ఎనభై ఎనిమిది. చూపు పోయింది, చెవులు పోలేదు. మనవణ్ణి బయట కూర్చోమని, రాజామణి ఆమె కాళ్లు ఒత్తుతూ అడిగేసింది.

"అమ్మమ్మా, చిన్నబావ వొద్దన్నాడని నాకు తెలుసు. ఎందుకు వొద్దన్నాడో నీకు తెలుసా?"

"తెల్దేటి? పదహారేళ్ల పిల్ల నీళ్ల బిందె ఎత్తుకెళ్తంటే తోట మలుపు దాకా సూసేవోడు. నాకు కళ్లుండేవి గదే అప్పుడు."

"తెలిసి పెద్దోడికెందుకు ఖాయం చేసినావు?"

ముసలామె దవడలాడించింది. "పెద్దోడుండగా సిన్నోడికి సేత్తారేటి? నలభై ఇళ్ల పరువు సూడాల. తప్పే సేసేనేమో. అయినా నాకు ఏడుగురు పిల్లలు, పంతొమ్మిది మంది మనవలు. ఒక్కోల్ల మనసు కనుక్కుంటా కూకుంటే ఎవరికి పెళ్లయ్యేదే?" అని, ఒత్తుతున్న చేతిని పట్టుకుని, "సెప్పాడా మరి ఇన్నాళ్లకి? ఆలీసమయింది," అంది. క్షమాపణ అయితే కాదది. అంతకంటే ఎక్కువ ఆమెకి చేతకాదు కూడా.

మర్నాడు రాజామణీ రవీంద్రన్ శ్యాంసుందర్ సమాధి దగ్గరకి వెళ్లారు. అప్పయ్య కట్టించిన సిమెంటు గట్టు పగిలి, నెర్రెల్లో గడ్డి మొలిచింది. రవీంద్రన్ గడ్డి పీకుతుంటే రాజామణి మెట్టు మీద కూర్చుని, "ఎలాంటోడు పెద్దబావ? చెప్పు," అని అడిగింది. అతను చెప్పాడు. ఈల బాగా వేసేవాడట. చీకటంటే భయమట. అన్న గురించి అతను అంతలా నోరు తెరిచి మాట్లాడడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఎండెక్కేదాకా చెబుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి ఆఫీసు మూతపడబోతోందని ఉమ ఫోన్ చేసింది. పరదేశపు కంపెనీ చేతులెత్తేసిందట. రాజుల వంశాలు కొన్ని సగంలోనే ఆగిపోయాయి. ఉమ మూటా ముల్లె సర్దుకుని విజయవాడ ప్రయాణమైంది. రాజామణికి రెండు నెలలు ఇంట్లోనే గడిచాయి. తరవాత చోవా చూ కాంగ్‌లోనే ఒక పంటి డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే పని దొరికింది. ఇంటికి పది నిమిషాల నడక. జీతం తక్కువ. సాయంత్రానికి కాళ్లు లాగుతూనే ఉంటాయి.

బుధవారాలు రవీంద్రన్‌కి సెలవు. ఒంటిగంటకి క్లినిక్ ముందుకొచ్చి గొడుగు మడుచుకుని నిలబడతాడు. ఇద్దరూ పక్కనున్న కొట్లో మీ గోరెంగ్ అనే వేపుడు నూడిల్స్ తింటారు. మాటలు ఇప్పటికీ ఎక్కువ ఉండవు. ఒకరోజు అతను చాలాసేపు ఆలోచించి, "ఈ కొత్త చీర రంగు నీకు బాగుంది," అన్నాడు.

ఆ చీర కొని నాలుగేళ్లయింది. రాజామణి ఆ మాట అతనికి చెప్పలేదు.