పోల్డో ఇంటి భోజనాల బల్ల

టీవీలో భోజనానికి కూర్చునే మనుషుల్ని చూస్తే పోల్డోకి ఒళ్లు మండిపోయేది.

రోజూ సరిగ్గా వాళ్లింట్లో కంచాలు పెట్టే వేళకే ఆ సీరియల్ వచ్చేది. అందులో ఒక గొప్పింటి కుటుంబం. పడవంత పొడుగు బల్ల, దాని మీద నిలువునా కాల్చిన పంది, పీతలు, పళ్ల గుట్టలు. ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్తున్నట్టు ముస్తాబై కూర్చునేవాళ్లు. చెంచా నోటి దాకా వచ్చిందో లేదో, పెద్దకోడలు లేచి ఈ బిడ్డ మీ వంశం కాదనేది. మామగారు గుండె పట్టుకునేవాడు. కుర్చీలు వెనక్కి జరిగేవి, వాయిద్యాలు మోగేవి, ఒక్కొక్కరే ఏడుస్తూ మేడ ఎక్కేసేవాళ్లు. బల్ల మీది తిండి మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉండిపోయేది.

"ఆ పంది చచ్చి ఏం బావుకుంది చెప్పు చోలెంగ్?" అనేవాడు పోల్డో, నోటి నిండా అన్నంతో. "పోట్లాడుకోండిరా బాబూ, మిమ్మల్ని ఎవడొద్దన్నాడు? తినేసి పోట్లాడుకోండి!"

"నీ అరుపులు వాళ్లకి వినపడవులే. ముల్లు చూసుకుని తిను," అనేది అతని పెళ్లాం.

"అది కాదే. తలుపు పక్కన ఆ డ్రైవర్ని చూడు. పాపం ఎంతసేపట్నించి నిలబడ్డాడో. ఇంతమంది కూర్చున్నారు, ఒక్కళ్లయినా వాణ్ణి చూసి 'తిందాం' అన్నారా? అందుకే ఆ కొంప అట్లా తగలడింది."

డ్రైవర్ బాధ అతనికి తెలుసు. వాళ్ల ఊరు బలాయన్ నుంచి లెమెరీ దాకా జనాన్ని ఎక్కించుకుని జీప్నీ బండి తోలి బతికిన మనిషి. ఇక ఆ తిందాం అనే మాటంటారా, దాన్ని మరచిపోయేవాణ్ణి బలాయన్‌లో మనిషి కింద లెక్కెయ్యరు. ఎదుట ఎవరున్నా సరే, మీటరు చూడ్డానికొచ్చినవాడైనా, సరిహద్దు తగాదాలో ఏళ్ల తరబడి పలకరింపుల్లేని పక్కింటివాడైనా, "తిందాం" అనకుండా ముద్ద ఎత్తరు. పిలిచారు కదా అని ఎవరూ వచ్చి కూర్చోరు. "కానివ్వండి, నా కడుపు నిండే ఉంది" అని దాటిపోతారు. ఆ కడుపు ఖాళీ అని పిలిచినవాడికీ తెలుసు, పిలిపించుకున్నవాడికీ తెలుసు. అయినా ఆ మాట అనాలి, ఈ మాట చెప్పాలి. అనకుండా ఒక మనిషి ముందు తినడమంటే వాడి మొహాన ఉమ్మినట్టే.

పోల్డో పుట్టింది చెరకు కూలీల ఇంట్లో. కోతలు లేని నెలల్లో కుండ అడుగున మాడు చెక్క కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇల్లది. ఆ రోజుల గురించి అతను పెద్దగా చెప్పేవాడు కాదు. అతను తిన్న కంచం చూస్తే చాలు, కడగాలా వద్దా అని అనుమానం వచ్చేది. వేడన్నం మీద నల్లటి కాఫీ పోసుకుని, పక్కన తులింగన్ చేప పెట్టుకుని, చేత్తో కలుపుకుని తినేవాడు. ఆ చేప వండడంలో చోలెంగ్ చెయ్యి ఊళ్లో అందరికీ తెలుసు. అరచేత్తో అదిమి చదును చేసి, ఉప్పూ ఎండు పులుపుకాయలూ వేసి, అరిటాకు పరిచిన మట్టికుండలో పూటంతా సన్నసెగ మీద ఉంచేది. నడిమి ముక్క కూతురు నెరిస్సాకి. తలకాయలు పోల్డోవి. వాటి జోలికి ఇంకెవరూ వెళ్లకూడదు.

అంత ఇష్టంగా తినే పోల్డో గొంతులోనే గడ్డ లేచింది.

కొయ్యడానికి వీల్లేని చోట ఉందన్నారు డాక్టర్లు. మందులు ఎక్కించారు, జుట్టు రాలింది, గడ్డ మాత్రం కదల్లేదు. చివరికి కడుపుకి ఒక గొట్టం పెట్టి, ఇకమీదట నోటితో మంచినీళ్లు కూడా వద్దని చెప్పి ఇంటికి పంపారు. పాలలాంటి జావ ఆ గొట్టంలో పోయాలి. చోలెంగ్ నేర్చుకుంది. కట్టుకున్నవాడికి అన్నం పెట్టడం అంటే ఇంజక్షన్ గొట్టంలోంచి జావ తొయ్యడం అవుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం పోల్డో ఎవరూ పిలవకుండానే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. చోలెంగ్ రెండు కంచాలే పెట్టింది. అతని ముందు బోసిగా ఉండడం చూడలేక మూడోది తెచ్చి పెట్టింది. ఖాళీ కంచం ఇంకా ఘోరంగా కనిపించి మళ్లీ తీసేసింది. ఇప్పుడు ముద్ద ఎత్తాలి. ఎత్తాలంటే ఎదుట ఉన్న మనిషిని పిలవాలి. ఏమని పిలుస్తుంది? గొంతు మూసుకుపోయిన మనిషిని పట్టుకుని తిందాం అంటే వెక్కిరించినట్టు. అనకుండా తింటే, యాభై ఏళ్లు ఒకే బల్ల దగ్గర తిన్న మొగుణ్ణి దారినపోయేవాడి కన్నా హీనం చేసినట్టు. నెరిస్సా చెయ్యి కంచంలో పెట్టి, తీసి, కడుక్కుంటానని లేచిపోయింది. చోలెంగ్ గిన్నెల మీద మూతలు పెట్టింది.

ఆ మర్నాటి నుంచి తల్లీకూతుళ్లు ఆ బల్ల దగ్గర తినడం మానేశారు. పక్కింటి విరింగ్ వంటచావిట్లో, నిలబడి, దొంగల్లా తినేవాళ్లు. విరింగ్ వయసులో పెద్దది, చోలెంగ్ ఆమెని ఆతె, అంటే అక్కా అని పిలుస్తుంది.

"కొట్లో పెట్టారు ఇతాయ్, తిని వచ్చానండి," అనేది నెరిస్సా తండ్రితో. ఆమె మందుల కొట్లో పనిచేస్తుంది. ఆ కొట్లో ఎవరికీ ఎప్పుడూ ఏమీ పెట్టలేదన్న సంగతి ఊరందరికీ తెలుసు.

"పొద్దున్న తిన్నది అరగలేదు పోల్డో," అనేది చోలెంగ్.

నిజానికి ఆమె విరింగ్ ఇంట్లోనూ తినలేదు. రెండు ముద్దలు మింగేసరికి పక్కింట్లో ఒంటరిగా కూర్చున్న మనిషి గుర్తొచ్చేవాడు, మూడోది దిగేది కాదు. ముగ్గురికి వండడం అలవాటైన చెయ్యి ముగ్గురికీ వండుతూనే ఉంది. మిగిలిందంతా విరింగ్ పంది కోసం పెట్టిన కుడితి బకెట్లో పడేది. ప్రేమతోనే చేశారు పిచ్చివాళ్లు. ఆ ప్రేమ అతన్ని ఒక్కణ్ణీ టీవీ ముందు కూర్చోబెట్టింది. ఆ బల్ల దగ్గరా ఎవరూ తినరు, ఈ బల్ల దగ్గరా ఎవరూ తినరు.

ఒకరోజు పొద్దున్న పోల్డో గొట్టం చేత్తో పట్టుకుని మెల్లగా విరింగ్ పెరట్లోకి నడిచాడు. ఊరికే, పందిని చూద్దామని.

"రా రా పోల్డో, చూడు ఎట్లా ఒళ్లు చేసిందో," అంది విరింగ్, నోరు అదుపులో లేని మనిషి. "అంతా మీ ఇంటి చలవే. మా పంది తిన్నట్టు ఈ వీధిలో ఎవరు తింటున్నారు?"

పోల్డో బకెట్లోకి చూశాడు. తెల్లటి అన్నం, ముద్దలు ముద్దలుగా. దాని మీద తులింగన్ తలకాయ, చెక్కు చెదరకుండా. అతను అక్కడే నేల మీద చతికిలబడి బకెట్లో చెయ్యి పెట్టబోయాడు. విరింగ్ భయపడి చెయ్యి పట్టుకుని చోలెంగ్‌ని కేకేసింది.

అతని గొంతు అప్పటికి గుసగుసలా మిగిలింది. ఆ గుసగుసతోనే అరిచాడు.

"నేను చచ్చానా? చెప్పవే. నేనుండగానే నా ఇంటి అన్నం పందుల పాలు చేస్తావా?"

"మేం తింటూనే ఉన్నాం..."

"ఎక్కడ తింటున్నావ్? ఎండుచేపలా తయారయ్యావ్. అద్దంలో చూసుకున్నావా మొహం?"

"ఎట్లా తినమంటావ్ నన్ను?" చోలెంగ్‌కి దుఃఖం కోపమై పొంగింది. "నువ్వక్కడ నోరు ఎండబెట్టుకుని కూర్చుంటే, నీ ముందు మెక్కమంటావా? ఏమని పిలవమంటావ్ నిన్ను? చెప్పు, ఏమనాలో చెప్పు!"

పోల్డో చాలాసేపు ఆయాసపడ్డాడు.

"తిందాం అను. అంతే," అన్నాడు. "ఎవడన్నా తిందాం అంటే జవాబేంటి? కానివ్వండి, నా కడుపు నిండే ఉంది. అంతే కదా? ఆ మాట నాకు రాదా? జీవితమంతా ఆకలి కడుపుతో ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు చెప్పడానికి నాకేం కష్టం? నన్ను పిలవడం మానేశారు మీరు. తిండి పోయినందుకు కాదు చోలెంగ్, పిలుపు పోయినందుకు ఏడుస్తున్నాను."

ఆ సాయంత్రం మళ్లీ బల్ల మీద కంచాలు పెట్టారు. టీవీలో గొప్పింటివాళ్లు కూర్చున్నారు. నెరిస్సా కళ్లెత్తకుండా, పాఠం అప్పజెప్పినట్టు ఒక్క గుక్కలో అనేసింది.

"ఇతాయ్, తిందామండి."

"కానివ్వమ్మా, నా కడుపు నిండే ఉంది," అన్నాడు పోల్డో. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మొహంలో నవ్వు కనపడడం అదే మొదలు. నెరిస్సా కన్నీళ్లు కంచంలో పడుతుండగానే తింది. తండ్రి ఆమె ప్రతి ముద్దనీ తనే మింగుతున్నట్టు చూశాడు. "చేప బావుందా? పులుపు సరిపోయిందా? నడిమి ముక్క తీసుకున్నావా?" అని అడిగాడు. తర్వాత చోలెంగ్ వైపు తిరిగాడు.

చోలెంగ్ ఉప్పు తెస్తానని లేచింది. ఉప్పు తెచ్చి మంచినీళ్లకి లేచింది. పొయ్యి చూడ్డానికి లేచింది. ఆ చిన్న మాట ఆమెకి నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. అంటే అతను కడుపు నిండిందంటాడు, అది ఆమె వినాలి. వినడం తన వల్ల కాదని ఆమెకి తెలుసు. విన్న క్షణాన అతను నిజంగానే వెళ్లిపోతాడని ఏదో మూఢభయం కూడా పట్టుకుంది.

పోల్డో విసుక్కోలేదు. రోజూ కుర్చీలోకి వచ్చేవాడు, రోజూ ఎదురుచూసేవాడు. అతన్ని సంతోషపెట్టాలని చోలెంగ్ ఒక ఉపాయం పన్నింది. కూర్చునేది, చెంచా ఎత్తేది, పెదాల దాకా తెచ్చేది, ఏదో మాట్లాడుతూ దించేసేది. అన్నాన్ని కంచం ఈ పక్కనించి ఆ పక్కకి జరిపేది. తిన్నట్టే ఉండేది.

కొన్నాళ్లు చూసి పోల్డో అన్నాడు, "నువ్వు కూడా టీవీ మనిషివైపోయావే చోలెంగ్."

నెరిస్సా ఫక్కున నవ్వింది, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చోలెంగ్ నవ్వలేదు. కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లి బకెట్ ముందు నిలబడి, మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

వానలు మొదలయ్యేసరికి పోల్డో కుర్చీలో కూర్చోలేని స్థితికి వచ్చాడు. మంచం తెచ్చి బల్ల పక్కనే వేశారు, అతనే అలా వెయ్యమన్నాడు. ఒక మధ్యాహ్నం చోలెంగ్ అతని నోరు తడిగుడ్డతో తుడుస్తుంటే మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు.

"తిన్నావా?"

"లేదు."

"రేపు తింటావా? ఇక్కడ, నా ముందు?"

"తింటాను పోల్డో. ఒట్టు. నిన్ను పిలిచే తింటాను."

"ఏది, చూస్తాగా," అన్నాడు.

మర్నాడు ఆమె పొద్దున్నే లేచి బజారుకెళ్లి మంచి చేపలు ఏరుకుని వచ్చింది. ఈసారి నిజంగానే తినాలని మనసు గట్టిచేసుకుంది. కుండ పొయ్యి మీద పెట్టి, ఆకు మూసి, మంచం దగ్గరికి వచ్చేసరికి పోల్డో ఇక లేడు.

శవపేటికని ముందుగదిలో పెట్టారు. బల్లని గోడ వారకి జరిపి, టీవీ మీద తెల్లగుడ్డ కప్పారు. పగలూ రాత్రీ జనం వస్తూనే ఉన్నారు. లైన్లో జీప్నీలు తోలే డ్రైవర్లందరూ వచ్చారు. శవజాగారం ఇల్లన్నాక వచ్చినవాళ్ల కడుపు చూడాలి. విరింగ్ పెద్ద గిన్నెతో గంజన్నం కాచింది, కాఫీ మరుగుతూనే ఉంది. చోలెంగ్ గుమ్మంలో నిలబడి ఎవరు లోపలికొచ్చినా పిలిచింది. "తిందాం, రండి. తిందాం." ముసలివాళ్లని పిలిచింది, పిల్లల్ని పిలిచింది, సరిహద్దు తగాదాతో పోల్డోతో ఏళ్లుగా మాటల్లేని అవతలి పక్కింటివాడు టోపీ చేత పట్టుకుని వస్తే అతన్నీ పిలిచింది. ఆ మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఊరందరికీ అనగలిగింది. ఒక్కడికి అనలేకపోయింది.

చర్చికి తీసుకెళ్లే రోజు, పేటిక మూసేముందు, ఆమె లోపలికెళ్లి కంచంలో అన్నమూ చేపా పెట్టుకుని వచ్చింది. కుర్చీ లాక్కుని పేటిక పక్కనే కూర్చుంది. గదంతా జనం. కంచం ఒళ్లో పెట్టుకుని, పేటిక అద్దం కింద పోల్డో మొహంలోకి చూస్తూ అంది.

"తిందాం."

ఇల్లాలు కంచంతో కూర్చుని మర్యాదకి తమని పిలిచిందనుకున్నారు జనం. ఎప్పటి అలవాటే కదా.

"కానివ్వండి, మా కడుపు నిండే ఉంది," అంది కిటికీ దగ్గర ఒక ముసలామె.

"కానివ్వండి," అన్నారు డ్రైవర్లు. "కానివ్వండి, కానివ్వండి," అని గుమ్మం దాకా ఒకరి తర్వాత ఒకరు అన్నారు. పక్కింటాయన కూడా టోపీ ఛాతీకి ఆనించుకుని, "కానివ్వమ్మా," అన్నాడు.

అందరి జవాబులూ అయ్యాక కూడా చోలెంగ్ చెయ్యి కంచంలో అలాగే ఉంది. రావాల్సిన గొంతు ఒకటుంది, అది రాలేదు. నెరిస్సా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చోలెంగ్ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అతని ముందు, ఏడుస్తూనే, ఆపకుండా తింది.