ఎవరి డబ్బా వారే

కరోనాకి మూతపడ్డ మా యూనివర్సిటీని మళ్ళీ ఎలా తెరవాలో తేల్చడానికి ఒక కమిటీ వేసి, అందులో నన్ను కూడా ఇరికించారు. నాకు కమిటీలంటే చిన్నప్పుడు తాగించిన ఆముదమంత ఇష్టం. ఫ్యాన్లు తిరిగితే గాలితో పాటు జబ్బు కూడా తిరుగుతుందేమోనని బందరు ఉక్కపోతలో ఫ్యాన్లు ఆపేసి, కిటికీలు బార్లా తెరిచి, బల్లకొకరం కూర్చునేవాళ్ళం. మాస్కుల్లోంచి మాట వినపడక ప్రతి వాక్యం రెండుసార్లు అరుచుకునేవాళ్ళం. ఆ సమావేశాలు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

కమిటీకి పెద్ద మా లెక్కల మాస్టారు. గుడివాడ మనిషి. వాళ్ళ తాతగారి నాటి నుంచీ ఇంట్లో అందరూ బడిపంతుళ్ళో గుమాస్తాలో కావడం వల్ల కాగితం మీద గీత వంకరపోతే ఆయనకి నిద్ర పట్టదు. రోజూ పాసింజరు బండిలో వచ్చి పాసింజరులో వెళ్ళే మనిషి, రైళ్ళు ఆగిపోయాక స్కూటరు మీద ఆ ఎండంతా నెత్తికెత్తుకుని వచ్చేవారు. పిల్లలు గేటు దగ్గర ఎలా ఆగాలి, ఏ మెట్లు ఎక్కాలి, ఏ మెట్లు దిగాలి, ల్యాబులో ఎవరి పక్కన ఎవరు నిలబడకూడదు, అన్నీ రాసుకొచ్చారు. నేను దేనికీ అడ్డు చెప్పలేదు. మధ్యాహ్న భోజనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా ప్రాణం ఉసూరుమంది.

ఆయన రాసింది ఇదీ: క్యాంటీను తెరవరు. పొద్దున లోపలికి వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా బయటికి వెళ్ళకూడదు. అన్నం వరండాలో, గీసిన వృత్తాల్లో, ఒక్కో వృత్తంలో ఒక్కరే కూర్చుని తినాలి. ఎవరి డబ్బా వారే తినాలి.

ఆ చివరి మాట ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే మా ఆడపిల్లల అలవాటొకటి చెప్పాలి. బందరు కాలేజీల్లో బస్సుల మీద వచ్చే అమ్మాయిలు మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుంటారు. డబ్బాలన్నీ మధ్యలో పెడతారు. ఎవరి డబ్బా వాళ్ళు ముట్టుకోకూడదు, పక్కవాళ్ళది తీసుకోవాలి. ఇదెవరు మొదలుపెట్టారో, ఏ కాలేజీ నుంచి ఏ కాలేజీకి పాకిందో నాకు తెలియదు. నేను చదువుకునే రోజుల్లో ఉంది, నేను పాఠం చెప్పే రోజుల్లోనూ ఉంది. నీచు తినని పిల్లలు ఒక గుంపు, తినేవాళ్ళు ఒక గుంపు, రెండింటి మధ్యా పెరుగు డబ్బాలు అటూ ఇటూ తిరుగుతూ ఉండేవి. ఒకరింటి దోసకాయ పప్పు, ఇంకొకరింటి ఎండు రొయ్యల పొడి, ఎవరి అమ్మ చెయ్యి ఎలాంటిదో అందరికీ తెలిసిపోయేది. చెట్టు కింద కూర్చుని ఆ పిల్లలు చేసే గోల ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఆ గుండ్రం వల్లే నేను చదువుకున్నాను. ఇది అతిశయోక్తి కాదు. మాది అవనిగడ్డ అవతల ఒక చిన్న పల్లె. అమ్మా నాన్నా పొలం పనికి వెళ్తేనే పొయ్యి వెలిగేది, అదీ సాయంత్రమే. నేనేమో చీకటితోనే బయల్దేరి, పులిగడ్డ, మోపిదేవి దాటి బందరు బస్సులో వేలాడుతూ వచ్చేదాన్ని. డబ్బా లేకుండా వెళ్తే అందరూ అడుగుతారని ఖాళీ డబ్బానే కడిగి, మూత బిగించి తెచ్చేదాన్ని. గుండ్రం మధ్యలో పెట్టేసి, ఎవరూ దాని జోలికి పోకూడదని దేవుణ్ణి వేడుకునేదాన్ని. రోజూ ఎవరో ఒకరు రెండు డబ్బాలు తేవడమో, ఇంకొకరి డబ్బా ఇద్దరికి సరిపోవడమో జరిగి, నాది మిగిలిపోయి, కొన్నాళ్ళు దేవుడు నా మాట విన్నాడు.

ఒకరోజు వినలేదు. బందరులోనే ఉండే ఒక గుమాస్తాగారి అమ్మాయి నా డబ్బా తీసుకుంది. మూత కొద్దిగా ఎత్తి చూసింది. ఆ పిల్ల మూత మళ్ళీ పెట్టేసి, డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, “దీన్ని మాత్రం నేనెవరికీ పెట్టను” అంది. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుని, ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టి, అందరి అన్నాలూ అయ్యేదాకా తింటున్నట్టే కూర్చుంది. దాని డబ్బాలో పులిహోర నేను తిన్నాను. ఆ రోజు ఆ పిల్ల పస్తు ఉందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాతో కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడెక్కడుందో తెలియదు గానీ, పులిహోర వాసన తగిలితే నాకు ముందు ఆ పిల్లే గుర్తొస్తుంది.

అందుకే ఖాళీ డబ్బాని మనిషి ఎలా పట్టుకుంటుందో నాకు తెలుసు. లోపల బరువున్నట్టు నటించాలి, కానీ వేళ్ళు మాట వినవు. యూనివర్సిటీ మూతపడక ముందు మా ఎమ్మెస్సీ క్లాసులో ఒక అమ్మాయి అలాగే పట్టుకునేది. పాలకాయతిప్ప దగ్గర సముద్రం మీద బతికే ఇల్లు. మా డిపార్ట్‌మెంటు కిటికీలోంచి ఆ డబ్బాని చూసిన రోజు నేను ఏమీ అనలేదు. గుండ్రం ఉంది కదా, అది చూసుకుంటుందిలే అనుకున్నాను.

ఇప్పుడు ఆ గుండ్రమే తీసేస్తున్నారు. కమిటీలో నేను గట్టిగానే అడిగాను. కలిసి తినే అలవాటు ఉన్న పిల్లల్ని విడదీస్తే ఎలాగండీ, దూరంగా కూర్చున్నా పంచుకునే వీలుండాలి కదండీ అన్నాను. అసలు కారణం చెప్పలేను. చెబితే ఆ పిల్ల బతుకు కమిటీ బల్ల మీదికి వచ్చేస్తుంది.

మాస్టారు చేతిలో కాగితం బల్ల మీద పెట్టారు. తర్వాత మెల్లగా అన్నారు. “మేడం గారూ, మాస్కు తీసేది అన్నం దగ్గరేనండీ. మా అన్నయ్య ఎవరిదో పెళ్ళి భోజనంలో కూర్చుని వచ్చాడండీ. అంతే.”

ఆయన అన్నయ్య పోయారని మా అందరికీ తెలుసు. ఎలా పోయారో అప్పుడే తెలిసింది. ఆయన రాసిన దాంట్లో తప్పేమీ లేదు, అదే నా బాధ. తప్పుంటే పోట్లాడి ఉండేదాన్ని, పోట్లాట నాకు బాగానే వచ్చు.

ఆ నిబంధనలు పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టిన సాయంత్రమే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ ఏటిగట్టు మీదే అందుతుంది. ఆన్‌లైన్ పాఠాలన్నీ ఆ గట్టు మీద గొడుగు పట్టుకుని విన్న పిల్ల. గాలి హోరులో మాట విరిగి విరిగి వినిపించింది.

“మేడం, మధ్యాహ్నం ఒక గంట బయటికి వెళ్ళి రావచ్చా అండీ?” అంది.

వెళ్ళకూడదమ్మా అన్నాను.

“అయితే నేను ఇక్కడి నుంచే వింటానండీ. ల్యాబుకి రానండీ.”

ల్యాబుకి రాకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్ష లేకపోతే డిగ్రీ లేదు. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను నీకు అన్నం తెస్తానని అనబోయి ఆగిపోయాను. నా రోజుల్లో ఏ మేడమో నన్ను పిలిచి ఇదిగో అన్నం తిను అని ఉంటే, మర్నాటి నుంచి నేను కాలేజీ మొహం చూసేదాన్ని కాదు. మొదటి రోజైతే రామ్మా, తర్వాత చూద్దాం అని మాత్రం అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది.

తెరిచే రోజు రానే వచ్చింది. వృత్తాలు గీయడానికి తెల్లరంగు తెమ్మంటే, దుకాణాలు మూసి ఉన్నాయని అటెండరు ఉత్త చేతులతో వచ్చాడు. వరండా ఊడ్చే ఆయా, రంగెందుకండీ, నేను ముగ్గుపిండితో వేసి పెడతానంది. మాస్టారు సంతోషంగా టేపు పెట్టి కొలిచి, ఎక్కడెక్కడ వేయాలో సుద్దతో చుక్కలు పెట్టి వెళ్ళారు. గుండ్రం గీసి ఊరుకుంటే బాగుండేది. ముగ్గు పట్టుకున్న చెయ్యి ఊరుకుంటుందా? ఒక్కో గుండ్రంలో ఒక్కో పద్మం పూసింది.

మధ్యాహ్నం అమ్మాయిలు అన్నానికి వరండాలోకి వచ్చి ఆగిపోయారు. ముగ్గు తొక్కి మధ్యలో కూర్చోవడం ఎవరి వల్లా కాలేదు. మా క్రైస్తవుల ఇళ్ళలో పిల్లలూ అంతే. క్రిస్మస్‌కి మా పాక ముందు నక్షత్రం ముగ్గు వేసేవాళ్ళం, దాని మీద కాలు పడితే మా అమ్మ మా వీపు విమానం మోత మోగించేది. దాంతో ఏమైందంటే, దూరం దూరంగా కూర్చోవడానికి వేసిన వృత్తాలని వదిలేసి, పిల్లలందరూ వాటి మధ్య సందుల్లో భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. మాస్టారు వచ్చి చూసి నుదురు పట్టుకున్నారు. నెలల తరవాత నేను మాస్కులో నవ్వాను.

ఆయన బతిమాలగా చివరికి ఒక్కో ముగ్గు అంచున, బయటివైపు, ఒక్కొక్కరు కూర్చున్నారు. ఎవరికీ ఎవరికీ మధ్య ఒక ముగ్గు. దూరం కుదిరింది. నా కళ్ళు పాలకాయతిప్ప పిల్ల కోసం వెతికాయి. వచ్చింది. చివరన స్తంభం పక్కన కూర్చుంది. చేతిలో డబ్బా లేదు. ఖాళీది కూడా లేదు.

అప్పుడు మోపిదేవి నుంచి వచ్చే అమ్మాయి ఒక వెదురు బుట్ట తెచ్చి మధ్య ముగ్గులో, పద్మం మీద పెట్టింది. బుట్ట నిండా అరటాకు పొట్లాలు. మా దివిసీమలో అరటాకుకి కరువేముంది. నారతో కట్టినవన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ముందే ఫోన్లలో అనుకుని, బస్సు దగ్గరే ఎవరి పొట్లాలు వాళ్ళు అందులో వేసేశారట. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, చేతులకి శానిటైజరు రాసుకుని, అందిన పొట్లం తీసుకుని వెళ్ళి తమ ముగ్గు దగ్గర కూర్చుంటున్నారు.

మాస్టారు బుట్ట దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. ఎవరిది ఎవరు తింటున్నారమ్మా అని అడిగారు.

“ఎవరికీ తెలీదండీ,” అంది మోపిదేవి అమ్మాయి. “మా ఊళ్ళో ప్రసాదం పొట్లాలు ఇలాగే ఇస్తారండీ. ఒకరి ఎంగిలి ఒకరికి తగలదండీ.”

ఆయన వద్దంటారని నాకు ఖాయంగా అనిపించింది. అన్నయ్య పోయిన మనిషి, వద్దంటే తప్పు పట్టేవాళ్ళెవరు? ఆయన ఒకసారి పిల్లల మధ్య దూరం కంటితో కొలుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, మనం డబ్బాల గురించే రాశాం కదండీ మేడం గారూ, పొట్లాల గురించి ఏమీ రాయలేదు కదా అన్నారు. ఆ క్షణంలో ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మీరూ రండి సార్, మీరూ రండి మేడం అని పిల్లలు పిలిచారు.

కొందరు రెండేసి కట్టుకొచ్చినట్టున్నారు, బుట్టలో ఇంకా కొన్ని పొట్లాలు మిగిలి ఉన్నాయి. వాటిల్లో ఒకటి మిగతావాటికంటే చిన్నగా, ఆకు ఎక్కువ చుట్లు చుట్టి, బరువుగా కనిపించాలని కష్టపడుతూ ఉంది. స్తంభం పక్కనున్న పిల్ల చేతిలో పొట్లం విప్పకుండా బుట్ట వైపే చూస్తోంది. నేను ఆ చిన్నదే తీసుకున్నాను. దాన్ని ఇంకెవరూ విప్పకూడదు.

ఖాళీగా ఉన్న ఒక ముగ్గు దగ్గర కూర్చుని విప్పాను. పిడికెడు అన్నం, ఉప్పు, రెండు పచ్చిమిరపకాయలు. అంతే. ఇంట్లో ఉన్నది తెచ్చింది. డబ్బాలో అయితే తేలేకపోయేది, మూత తీయగానే అందరికీ తెలిసిపోతుంది. ఆకులో కట్టింది కాబట్టి తనూ వేసింది, తనూ తీసుకుంటోంది. నాకా రోజుల్లో ఆ మాత్రం కూడా లేదు. కళ్ళు మసకబారి మాస్కు పైకి లాక్కున్నాను.

పక్క ముగ్గు అంచున పెరుగన్నం తింటున్న మాస్టారు ఇటు వంగి, మీకేం వచ్చిందండీ అని అడిగారు.

నేను ఆకు మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. “చెప్పనండీ మాస్టారూ. దీన్ని మాత్రం నేనెవరికీ పెట్టను,” అన్నాను, స్తంభం దాకా వినపడేటట్టు.

గోడ వైపు తిరిగి, మెతుకు మిగలకుండా తిన్నాను. తిని ఇటు తిరిగేసరికి ఆ పిల్ల తన పొట్లం విప్పి తింటోంది. ఆ మర్నాడు మొదటి బస్సుకే ల్యాబుకి వచ్చేసింది.