గోడలకంటే ముందొచ్చిన దర్వాజ

నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో కిరాయికి ఉండేవాళ్లం. కింద రెండు గదుల్లో మేము, పైన ఓనరు సారు, ఆయన భార్య. సారు ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యారు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నేను, ఆయన చదవడం పూర్తయ్యాక పేపరు తెచ్చుకోవడానికి రోజూ పైకి వెళ్లేదాన్ని. ఎవరి ముఖంలోకీ చూసి మాట్లాడే అలవాటు లేదు నాకు. సారు ఏదైనా అడిగితే, పేపర్ల దొంతర పైన గోడకు వేలాడే పాత ఫోటోని చూస్తూ జవాబు చెప్పేదాన్ని. అందులో నల్లటి జుట్టుతో సారు, పసుపు కుంకుమలు పెట్టిన ఒక కొత్త దర్వాజ పక్కన నిలబడి ఉంటారు. ఆయన చొక్కాకి ఎన్ని గుండీలున్నాయో కూడా నాకు తెలుసు.

నేను మెట్ల మీద కూర్చుని డైరీ రాసుకోవడం ఆయన చూసినట్టున్నారు. "నీ రాత మంచిగుంటది గదా బిడ్డా, మా సంఘానికి జర రాసిపెట్టు" అన్నారు. కాదనడానికి కూడా మాట్లాడాలి కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ సంఘంలో అందరూ రిటైరైన ఫ్యాక్టరీ మనుషులే. ఏటా చందాలు వేసుకుని బీదవాళ్లకు చీరలు, బియ్యం పంచేవారు. ఆ ఏడాది వాళ్ల ప్రెసిడెంటుకు కొత్త ఆలోచన వచ్చింది. మనం ఇచ్చే చీర రంగు కూడా మనమే ఎంచుతున్నాం, వాళ్లకేం కావాలో వాళ్లకు తెలియదా అన్నారాయన. కటిక పేదరికంలో ఉన్న పది కుటుంబాలను చూసి, వాళ్ల బ్యాంకు ఖాతాల్లో డబ్బే వేద్దామన్నారు. రెండు విడతలు. దేనికి ఖర్చు పెట్టారని అడగకూడదు. మా సారుకు ఇది అసలు నచ్చలేదు. "స్టోర్ల సంతకం వెట్టిన చిట్టీ లేకుంట బోల్టు గూడ ఇయ్యలే నేను" అని గొణిగారు. కానీ మెజారిటీ మాటకు తలవంచారు.

ఆ కబురు చెప్పడానికి చిల్కానగర్ అవతల ఒక ఇంటికి నన్ను పంపారు. అప్పుడే మెట్రో కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్వుతున్నారు. బస్సు నిలిచిన చోటల్లా, చెప్పాల్సిన మాటల కాగితం తీసి చదువుకున్నాను.

ఇల్లు అన్నాను కానీ అది టార్పాలిన్, పాత ఎలక్షన్ ఫ్లెక్సీలు కట్టిన గుడిసె. చనిపోయిన భర్త పేరున ఎప్పుడో వచ్చిన చిన్న ప్లాటులో ఒకామె, ఆమె అత్త ఉంటున్నారు. పాలమూరు నుంచి పనికి వచ్చినవాళ్లు. కొత్తగా కడుతున్న ఇళ్ల దగ్గర ఆమె ఇటుకలు మోస్తుంది. లోపలికి వెళ్లాలంటే నడుము సగానికి వంచాలి. వంగి వెళ్లి కూర్చున్నాక నేర్చుకున్నదంతా మరిచిపోయాను. డబ్బులు వస్తాయి, మీవే, అని మాత్రం చెప్పగలిగాను.

"ఓటెయ్యాల్నా, పార్థనకు రావాల్నా, ఫోటో దిగాల్నా?" అని అడిగింది ఆమె.

మూడుసార్లు అడ్డంగా తల ఊపాను. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి కోడలితో అంది: "గిదేం పిల్లనే? పైసలిస్తమని వచ్చి తనే బయపడ్తుంది."

అందరికంటే ముందు నేనే నవ్వాను. ఆ రోజు డైరీలో అదొక్కటే రాసుకున్నాను.

మొదటి విడత పడింది. శ్రావణ మాసం చివర్లో, రెండో విడత వేసే ముందు, అడగం గానీ పది ఇళ్లూ చూసొస్తాం అంటూ సారు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆఖరున చిల్కానగర్ అవతల, ఆమె వీధి మలుపు తిరగగానే ఆయన ఆగిపోయారు. గుడిసె అలాగే ఉంది. దాని ముందు, ఖాళీ జాగాలో, ఒక కొత్త దర్వాజ నిలబడి ఉంది. తలుపు లేదు, గోడల్లేవు, పునాది కూడా లేదు. కింద కడపకు పసుపు, పైన ఎండిపోయిన మామిడాకుల తోరణం, రెండు పక్కలా ఆనించిన కట్టెలు. బాగా ఎత్తుగా ఉంది. దాని వెనక ఆకాశం కనిపిస్తోంది.

సారు దాని పక్కనుంచి నడిచి ప్లాటులోకి వెళ్లారు. గుడిసె ముందు బియ్యం చెరుగుతున్న ముసలమ్మ తలెత్తింది.

"ఏంది సారు, గోడలకెళ్లి వస్తున్నవ్? దర్వాజ ఉండంగ."

ఆమె ఎగతాళి చేయడం లేదు. నిజంగానే తప్పు పట్టింది. సారు ఏమనుకున్నారో, వెనక్కి వెళ్లి, కడప తొక్కకుండా దాటి మళ్లీ వచ్చారు. నేనూ ఆయన వెనకే కుడికాలు పెట్టి దాటాను. తర్వాత గమనించాను, నీళ్లబిందె తెచ్చిన పక్కింటామె కూడా అందులోంచే వచ్చింది. పక్కనుంచి వచ్చింది ఒక్క మేకే.

కోడలు పని నుంచి వచ్చాక, అందరం వంగి గుడిసెలోకి వెళ్లి కూర్చున్నాం, అప్పుడు చెప్పింది. శ్రావణం దాటితే కార్తీకం దాకా మంచి రోజుల్లేవట. అందుకే ముందు దర్వాజ చేయించి నిలబెట్టింది. దాన్ని చేసిన వడ్లాయనకు బట్టలు పెట్టింది. మిగిలిన డబ్బుతో తనతో పనిచేసే కూలీలందరికీ, వాడకట్టుకీ అన్నం పెట్టింది. అంతే, అయిపోయింది.

అడగకూడదన్న మాట సారు మరిచిపోయారు. "గోడలు లేని ఇంటికి దర్వాజేందమ్మా? ఇటుకలు కొనకపోతివి?"

ఆమెకు కోపం రాలేదు. "పదిహేనేండ్ల సంది మంది ఇండ్లకు ఇటుకలు మోస్తున్న సారు. దర్వాజ ఎత్తిన్నాడు మేస్త్రీకి బట్టలు పెడ్తరు, వడ్లాయనకు పెడ్తరు. మోసెటోళ్లం గా దూరం నిలవడి సూస్తం. లడ్డు ఇస్తె తింటం. ఈపారి నా దర్వాజ. నేనే పెట్టిన, మావోళ్లంత దగ్గరికొచ్చి నిలవడ్డరు" అంది. "గోడలది ఫికర్ లేదు, అవి నాకొచ్చు" అని కూడా అంది.

తిరిగొచ్చాక ఇంటి గేటు దగ్గర సారు, మీటింగులో చదివే కాగితంలో దుర్వినియోగం అని రాయమన్నారు. అలా రాస్తే ఆ ఇంటికి రెండో విడత ఆగిపోతుంది. ఆ దర్వాజ అలాగే వానలకు నానుతుంది. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఆ మాట రాయలేకపోయాను. మా నాన్నకు చెబితే భయపడ్డారు. "ఓనరుతోని మనకెందుకు బిడ్డా? రాయమన్నది రాయి" అన్నారు.

మీటింగు సారు వాళ్ల హాల్లోనే జరిగింది. ఎనిమిదిమంది పెద్దమనుషులు, మూలన ప్లాస్టిక్ కుర్చీలో నేను. తొమ్మిది ఇళ్ల సంగతి చదివాను. పదో కాగితం ఖాళీగా ఉంది. ఏమైందని ప్రెసిడెంటు అడిగారు. చూసిందంతా సారే చెప్పారు, అబద్ధం ఏమీ కలపలేదు. కొందరు నవ్వారు. ఒకాయన, అన్నానికీ దర్వాజకీ తగలేసేవాళ్లకు ఎంతిచ్చినా అంతే అన్నారు. ఆపేద్దామా అన్నారు ఇంకొకాయన. ఎవరి ముఖాలూ చూడలేక, అలవాటుగా గోడ మీది ఫోటో వైపు చూశాను. రోజూ గుండీలు లెక్కపెట్టిన ఫోటో. సారు, పసుపు కడప, తోరణం. వెనక ఖాళీ పొలం, దూరంగా ఒక ఫ్యాక్టరీ పొగగొట్టం.

లేచి నిలబడ్డాను. "సార్, ఆ ఫోటోల గూడ గోడలు లేవు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎనిమిది తలలూ అటు తిరిగాయి. అప్పుడే టీ కప్పులతో వచ్చిన ఆంటీ, సారు భార్య, ఫోటో చూసి ట్రే పట్టుకునే నవ్వడం మొదలుపెట్టింది.

"గోడలెక్కడియి? ఈ ఇంటి దర్వాజనే గది. పైసలు ఒడిసిపాయె. రెండేండ్లు గట్లనే నిలవడుండె. మా అత్త రోజు గంత దూరం నడిచివొయ్యి ముగ్గేసి వచ్చేది. ఈయన సైకిలు మీద పోయి, దర్వాజల నుంచి లోపటికి పోయి, ఉట్టి జాగల నిలవడి వచ్చేటోడు."

హాలంతా నవ్వులు. ప్రెసిడెంటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సారు మాత్రం నవ్వలేదు. చాలాసేపు ఆ ఫోటోనే చూశారు, ఎవరో కొత్తగా తెచ్చి తగిలించినట్టు. తర్వాత జేబులోంచి పెన్ను తీశారు.

"రెండో విడతకు చిట్టీ రాయి బిడ్డా. నేను సంతకం వెడ్త" అన్నారు.

మా నాన్న ఆ నెలంతా మెట్ల మీద సారు చెప్పుల చప్పుడు వినబడితే లేచి నిలబడేవారు. ఖాళీ చేయమని ఎవరూ అనలేదు.

రెండో విడతతో ఆమె ఇటుకలు, సిమెంటు, పైకప్పుకు రేకులు కొంది. కూలి డబ్బులు మిగల్చలేదు. ఆ అవసరం రాలేదు కూడా. దర్వాజ నాడు అన్నం తిన్నవాళ్లంతా ఆదివారాలు వచ్చారు. మేస్త్రీ కూడా వచ్చాడు. ఒక ఆదివారం నేను ఊరికే చూడ్డానికి వెళ్తే, ఇసుక గంప నెత్తిన పెట్టారు. రెండు గంపలకే మెడ పట్టేసింది. "రాసుడు వేరు, మోసుడు వేరు బిడ్డా" అని ముసలమ్మ నూనె రాసింది. ఆ నూనె మరక ఇప్పటికీ నా డైరీలో ఆ పేజీ మూలన ఉంది.

గోడలన్నీ ఆ దర్వాజ కొలతకే లేచాయి. ఆ వాడలో అంత ఎత్తు ఇల్లు ఇంకోటి లేదు. అంతెత్తు ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

ఇంట్లోకి దిగిన రోజు కార్తీకంలో ఒక సోమవారం. సారు, ఆంటీ, నేను కలిసి వెళ్లాం. ముసలమ్మ కొత్త చీరతో దర్వాజ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది, ఎవరైనా కడప తొక్కుతారేమోనని చూస్తూ. సారు చెప్పులు విడిచారు. ఆ జాగాలోకి వచ్చేవాళ్లందరికీ గుడిసె నేర్పిన అలవాటేమో, దర్వాజ దగ్గరికి రాగానే ఆయన కూడా నడుము వంచారు.

"వంగకున్రి సారు" అంది లోపల్నుంచి ఆమె. "వంగే పనిలేకుంట చేయించిన."

సారు నిటారుగా అయ్యారు. చెయ్యెత్తి పైకర్రను అందుకోబోయారు, అందలేదు. కుడికాలు లోపల పెట్టారు. పరమాన్నం గిన్నె పట్టుకుని ఆమె ఎదురొచ్చింది, అందరినీ కూర్చోబెట్టి మొదటి గంటె ఆయన విస్తట్లోనే వేసింది.