నా గేటు రెండు రెక్కలూ తెరిపించిన దేవుడు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు సువార్తమ్మ, సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు వైపు గల్లీలో ఉంటాను, మీలో చాలామందికి నేను తెలుసు, ఎన్నో ఏళ్ళుగా ఈ మందిరంలో ఆడవాళ్ళ వరుసలో ముందు కూర్చునేదాన్ని నేనే. అయినా ఈ రోజు వరకు నేనెవరో మీకు తెలియదు, ఎందుకంటే నాకే తెలియదు. తాగుడు నుంచి విడుదల పొందినవాళ్ళు ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పారు, జబ్బుల నుంచి బాగుపడినవాళ్ళు చెప్పారు, నేను మాత్రం ఇంటి ఓనర్ని, నా జబ్బు ఒంట్లో లేదు, నా గేటు దగ్గర ఉంది! దేవుడు దాన్ని ఎలా బాగుచేశాడో చెప్పకుండా ఉంటే నా ప్రాణం ఊరుకోదు, అందుకే పాస్టరుగారిని అడిగి మరీ ఈ మైకు తీసుకున్నాను.

నా భర్త ఆర్టీసీలో డ్రైవరుగా చేసి, రిటైరైన డబ్బుతో కింద ఒక ఇల్లు, వెనక చిన్న పోర్షన్, పైన ఒక పోర్షన్ కట్టించి, గృహప్రవేశమైన రెండో ఏడే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆ కిరాయిలే నాకు ఆధారం. పై పోర్షన్‌లో మొదట దిగిన ఒక టీచరుగారు గుండెనొప్పితో అక్కడే చనిపోయారు, ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు ఆ ఇంట్లోకి ఎవ్వరూ రాలేదు, చూడ్డానికి వచ్చినవాళ్ళు పక్కింట్లో అడగడం, శవం లేచిన ఇల్లంట అని తెలుసుకొని వెనక్కి తిరగడం. ఆ ఏడాది నాలో ఒక భయం పుట్టింది. శవం వల్ల కీడు అనే మాట నేను నమ్మను, కిరాయికి వచ్చేవాళ్ళు నమ్ముతారు కదా, నేనేం చేయను అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎంత తెలివైన సాకు చూడండి! అప్పటి నుంచి ఇల్లు అడగడానికి ఎవరొచ్చినా నేను పేరుకంటే ముందు అడిగే ప్రశ్న ఒకటే, ఇంట్లో ముసలివాళ్ళు గానీ, మంచం పట్టినవాళ్ళు గానీ ఉన్నారా అని.

అలా అడిగి, లేరని తేల్చుకున్నాకే సైదులు కుటుంబానికి పై పోర్షన్ ఇచ్చాను. సైదులుది పాలకీడు, డీసీఎం వ్యాను నడిపేవాడు, మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు ఊరూరికీ వేసేవాడు. భార్య పద్మ, ఇద్దరు ఆడపిల్లలు. నన్ను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళు, నేను గ్యాసు బండ మార్చలేకపోతే సైదులే దిగి వచ్చి మార్చేవాడు. రెండేళ్ళు ఏ గొడవా లేదు.

తర్వాత ఒక రోజు మిర్యాలగూడలో లోడు ఎక్కించుకుంటూ సైదులు అక్కడికక్కడే పడిపోయాడు. పక్షవాతం! దవాఖానలో పద్దెనిమిది రోజులు ఉంచి ఇంటికి తెచ్చారు, కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు, అన్నిటికంటే బాధ ఏమిటంటే మాట పోయింది, మనం చెప్పేది అర్థమవుతుంది, జవాబు చెప్పబోతే గొంతులో గాలి తప్ప ఏమీ రాదు, కళ్ళల్లో నీళ్ళు వస్తాయి. పద్మ పొద్దున్నే మొగుణ్ణి పట్టుకొని బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లల్ని బడికి పంపి, రెండిళ్ళల్లో వంట చేసి వచ్చేది.

నేనేం చేశానో చెప్పనా? మొదటి నెల పండ్లు తీసుకొని వెళ్ళి ప్రార్థన చేశాను. రెండో నెలలో, ఇంకోసారి వస్తే కష్టమని డాక్టరు అన్నాడని పద్మ నోరు జారింది. అంతే, ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. పై పోర్షన్‌లో కుర్చీ జరిగిన చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. కోదాడలో ఉన్న నా బిడ్డకు ఫోను చేస్తే అదీ నా భయానికే నూనె పోసింది.

"అమ్మా, ఆయనకేమన్నా అయితే ఇంక ఆ ఇంట్లోకి ఎవరొస్తారు? ముందే మంచిగా చెప్పి పంపించెయ్యి, తర్వాత ఏడిస్తే లాభం లేదు" అంది.

నేను మంచిగా కూడా చెప్పలేదు, సహోదరులారా. ఐదో నెలలో మెట్ల దగ్గర పద్మను ఆపి, బకెట్టు చేతిలో ఉండగానే చెప్పాను. "సైదులుకు ఏమన్న అయితే నా ఇంట్ల పెట్టనియ్య. ఒకటో తారీఖు లోపల ఖాళీ చెయ్యుండ్రి."

పద్మ బకెట్టు కింద పెట్టింది. "గట్లనే పెద్దమ్మా. జర ఈయనకు వినపడకుంట మాట్లాడు" అని మాత్రం అంది.

కానీ పైన బాల్కనీలో ఆయన విన్నాడు! మాట పోయింది గానీ చెవులు పోలేదు కదా! ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి కూడా గొంతు తగ్గించలేదు.

ఆ తర్వాత పద్మ ఇల్లు వెతకని గల్లీ లేదు. సూర్యాపేటలో ఒకాయన అడ్వాన్సు తీసుకొని, సైదులును చూడగానే తిరిగి ఇచ్చేశాడు. మిర్యాలగూడలో మిల్లు దగ్గరి ఇంటామె, మెట్లెక్కలేని మనిషికి ఇల్లెందుకు అంది. కోదాడ దాకా వెళ్ళింది పాపం, అక్కడా అదే మాట. ఎక్కడికి పోయినా నాలాంటి సువార్తమ్మ ఒకతి గేటు దగ్గర నిలబడి ఉంది.

ఒకటో తారీఖు ఇంకో నాలుగు రోజులు ఉందనగా, ఒక పొద్దున నల్లా వచ్చింది. గేటు లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకొని, సంపు మూత పక్కకు జరిపి, నీళ్ళు ఎంతవరకు ఎక్కాయో చూద్దామని వంగాను. గచ్చు మీద పాకుడు. కాలు జారింది, తల అంచుకు కొట్టుకుంది, ఆ తర్వాత నేను నీళ్ళల్లో ఉన్నాను!

మా సంపు లోతు నాకంటే ఒక చెయ్యి ఎక్కువ. నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి, పైపు నుంచి ఇంకా పడుతూనే ఉన్నాయి, చేత్తో పట్టుకుందామంటే గోడలు నున్నగా ఉన్నాయి, నెత్తురు కంట్లోకి కారుతోంది. అరిచాను, నా అరుపు నాకే గింగురుమంటోంది గానీ బయటికి పోవడం లేదు. వెనక పోర్షన్ వాళ్ళు ఊరికి పోయారు. పిల్లలు బడికి పోయారు. పద్మ ఇల్లు వెతకడానికి పోయింది, నేను పొమ్మన్నాను కాబట్టే పోయింది! ఆ ఇంట్లో నేను కాక ఉన్నది ఒకే ఒక్క మనిషి, నడవలేనివాడు, మాట్లాడలేనివాడు, నేను వెళ్ళగొడుతున్నవాడు.

అప్పుడు నేను చేసిన ప్రార్థన చిన్నది. "ప్రభువా, నేను పొమ్మన్నవాణ్ణి తప్ప నాకు దిక్కు లేదు. నన్ను క్షమించు, నన్ను తియ్యి." ఇంతకంటే ఒక్క మాట కూడా రాలేదు, నోట్లోకి నీళ్ళు వచ్చాయి.

సహోదరులారా, అప్పుడు పైనుంచి ఒక కేక వినపడింది! మొదట అది మనిషి గొంతు అనుకోలేదు, ఏదో జంతువు మొర అనుకున్నాను. మళ్ళీ వినపడింది, ఈసారి అందులో మాట ఉంది. "పెద్దమ్మ... సంపు! పెద్దమ్మ... సంపు!" ఐదు నెలలుగా ఒక్క అక్షరం పలకని నోరు! నీళ్ళల్లో మునిగి తేలుతూ నేను ఆ గొంతు విన్నాను, చచ్చేదాకా మరిచిపోను.

గల్లీలో కూరగాయల బండి తోసుకుంటూ పోతున్న అంజయ్య ఆ కేక విని ఆగాడు, సైదులు చూపు పోయినవైపు చూసి గేటు దూకాడు, తీగ మీద ఆరేసిన నా చీరనే లాగి సంపులోకి వదిలాడు, ఇంకో ఇద్దరు వచ్చారు, నన్ను పైకి లాగి గచ్చు మీద పడుకోబెట్టారు. నేను కళ్ళు తుడుచుకొని చూస్తే మెట్ల మీద సైదులు ఉన్నాడు! కుర్చీలోంచి కిందపడి, బాల్కనీ అంతా పాకి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక్కో మెట్టు జారుకుంటూ సగం దాకా దిగి వచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. నన్ను చూసి ఏడుస్తూ, "పెద్దమ్మ, పెద్దమ్మ" అని అదే మాట అంటున్నాడు.

నా తలకు ఐదు కుట్లు పడ్డాయి. డాక్టరుగారితో ఈ సంగతి చెబితే, గాబరాలో ఒక్కోసారి అలా మాట రావచ్చమ్మా అన్నారు. రావచ్చు, ఆయన చదువుకున్నవాడు, కాదనను. కానీ ఐదు నెలలు రానిది ఆ నిమిషానికే వచ్చింది చూశారా, దానికి నేను దేవునికే మహిమ చెల్లిస్తాను!

పద్మ దవాఖానకు పరుగెత్తుకొచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని ఖాళీ చెయ్యొద్దని చెప్పాలనుకున్నాను, ఏడుస్తూనే ఉన్నాను, ఆమే నా తల నిమిరి, "ఇగ ఊకో పెద్దమ్మా, బతికినవ్ గదా" అంది. ఇంటికి వచ్చాక, మెట్లెక్కలేడని సైదులు కుటుంబాన్ని కిందికి దించి, నేను పైకి మారాను. ఓనరు పైకి, కిరాయిదారు కిందికి! గల్లీ అంతా నవ్వింది, నవ్వనివ్వండి! ఆ రెండు మాటల తర్వాత సైదులుకు మూడో మాట వచ్చింది, చిన్న బిడ్డ పేరు, ఆ తర్వాత నీళ్ళు, అన్నం, మిర్యాలగూడ. వ్యాయామం చేయించేవాళ్ళు చేయించారు, మనం ప్రార్థించాం, పోయిన ఏడాది దసరా నాటికి కర్ర పట్టుకొని గేటు దాకా నడిచాడు.

ఇక్కడితో ఆపితే నా సాక్ష్యం చాలా అందంగా ఉంటుంది. కానీ నా గుండెలో భయం ఇంకా ఖతం కాలేదని దేవునికి తెలుసు. బతికినవాణ్ణి ఉంచుకోవడం సులభం. ఆయన నన్ను ఇంకా లోతుకు తీసుకెళ్ళాడు.

ఈ వానాకాలం పాలకీడులో సైదులు వాళ్ళ పాత ఇల్లు కూలిపోయింది, వాళ్ళమ్మ వెంకటమ్మను ఇక్కడికి తెచ్చుకున్నారు. ముసలామె నాతో బాగా కలిసిపోయింది, మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచేవాళ్ళం. పోయిన నెలలో ఆమెకు జ్వరం వచ్చింది, దవాఖానలో నాలుగు రోజులు ఉండి, ఐదో రోజు పొద్దున్నే కన్నుమూసింది. పద్మ నాకు ఫోను చేసింది.

"పెద్దమ్మా, అత్తమ్మ పోయింది. నువ్వు భయపడకు, ఇంటికి తేము. సీదా కాటికే తీస్కపోతం. అంబులెన్సుకు చెప్పిన."

భయపడకు! తన అత్త చనిపోయిన గంటకు ఆ పిల్ల నాకు ధైర్యం చెబుతోంది! మీకు నిజం చెబుతాను, ఆ మాట విన్నప్పుడు నా లోపల ఒక మూల, అమ్మయ్య అనుకుంది. అవును, సంపులోంచి దేవుడు తీసిన సువార్తమ్మే అలా అనుకుంది. ఆ వెంటనే, పాస్టరుగారు ఒకసారి ఇక్కడే చెప్పింది గుర్తొచ్చింది. మన ప్రభువు పుట్టినప్పుడు తల్లి ప్రసవించడానికి ఎవరూ చోటివ్వలేదు, చనిపోయినప్పుడు మాత్రం ఒక మనిషి తన కోసం సిద్ధం చేసుకున్న సమాధినే ఇచ్చాడు. ఆ మనిషి కూడా నాలాగే నష్టం లెక్క చూసుకొని ఉంటే? నేను మోకాళ్ళ మీదికి కూడా వంగలేదు, నిలబడే ప్రార్థించాను, "ప్రభువా, నువ్వే వస్తున్నావనుకుంటాను" అన్నాను, తిరిగి ఫోను చేశాను.

"పద్మా, కాటికి ఎందుకు? ఇంటికి తీస్కరా. ముందు రూముల పడుకోబెడదాం. ఆమె ఇల్లు గాదా ఇది?"

అవతల పద్మ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా ఏడ్చింది.

గేటు గొళ్ళెం తీసి రెండు రెక్కలూ తెరిచాను. పక్కింటామె పరుగెత్తుకొచ్చి, మళ్ళీ ఏడాది నీ ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఆలోచించుకో అని నా చెవిలో చెప్పింది, మంచికే చెప్పింది. ఉంటే ఉండనీ అన్నాను. అంబులెన్సు లోపలికి వచ్చింది. వెంకటమ్మను ముందు గదిలో పడుకోబెట్టాం, పాలకీడు నుంచి చుట్టాలంతా వచ్చారు, వాళ్ళ పద్ధతి ప్రకారం వాళ్ళు అన్నీ చేసుకున్నారు, నేను పక్కన కూర్చొని మనసులో ప్రార్థించుకున్నాను. సైదులు తల్లి కాళ్ళ దగ్గర కూర్చొని, వచ్చిన మాటలతోనే తల్లిని పిలిచి, కరువుతీరా ఏడ్చాడు. నడిరోడ్డు మీద కాదు, ఒక కప్పు కింద ఏడ్చాడు! నాకు చెప్పిన ఆ పక్కింటామే ఒక గంట తర్వాత పెద్ద గిన్నెలో చాయ్ కాచి తెచ్చి అందరికీ పోసింది!

సహోదరులారా, ఆ సాయంత్రం ఇల్లు కడుగుతుంటే, ఎన్నో ఏళ్ళ నుంచి నా మెడ మీద కూర్చున్న భయం లేదు! వెతికి చూశాను, లేదు! పాటలు పాడుకుంటూ గచ్చు కడిగాను, స్తోత్రం! సైదులు కుటుంబం మన సంఘంలో చేరిందని నేను చెప్పడం లేదు, అది వాళ్ళకూ దేవునికీ మధ్య సంగతి. సైదులు ఈ రోజు నాతో వచ్చాడు, అదిగో కర్ర పట్టుకొని ఆ స్తంభం దగ్గర కూర్చున్నాడు, మీరంతా అటు తిరిగి చూస్తుంటే సిగ్గుపడుతున్నాడు.

మీలో ఇళ్ళు కిరాయికి ఇచ్చినవాళ్ళు ఉన్నారు, మీ భయం నాకు తెలుసు, మిమ్మల్ని తిట్టను, దాన్ని ఆయన చేతిలో పెట్టండి, ఆయన తీసేస్తాడు. గేటు బయట నిలబడి కాదనిపించుకుంటున్న కిరాయిదారులూ ఉన్నారు, అధైర్యపడకండి, మీ కోసం ఎక్కడో ఒక మొండి ఓనరుతో దేవుడు మాట్లాడుతూనే ఉన్నాడు. పోయిన వారం నా వెనక పోర్షన్ ఖాళీ అయింది. పోర్షన్‌లో ముసలివాళ్ళు, రోగులు ఉన్నా పరవాలేదని బోర్డు రాయించి గేటుకు కట్టాను, ఎవరొస్తారులే అనుకున్నాను. మూడు రోజుల్లో ఏడు కుటుంబాలు వచ్చాయి! రేపు పొద్దున ఒక నిండు చూలాలు దిగుతోంది, నెలలు నిండాయని ఎవరూ ఇల్లివ్వలేదట. పురిటికి మంచం అవసరమవుతుంది, నా మంచం కిందికి దించాలి, ఆరాధన అయ్యాక బలమున్న తమ్ముళ్ళు ఇద్దరు నా వెంట రండి. దేవునికే మహిమ!