అద్దుడు చెక్క

రాజోలు దగ్గరి ఓ చర్చిలో పెళ్లిళ్ల రిజిస్టరు రాసే ఆశీర్వాదంగారి దగ్గర ఒక అద్దుడు చెక్క ఉంది. దోసబద్దలా అడుగు వంపు తిరిగిన టేకుముక్క. వంపుకు సిరా పీల్చే కాగితం, పైన గుండ్రటి పిడి. తడి సంతకం మీద అటూ ఇటూ ఊపితే అక్షరం అలుక్కుపోకుండా ఆరేది. బాల్‌పెన్నులు వచ్చి సిరాబుడ్డి ఎండిపోయి ఎన్నేళ్లయినా ఆయన ప్రతి శనివారం దానికి కొత్త కాగితం తొడుగుతారు. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు, చేతికి అదొక పని. అద్దేటప్పుడు మాత్రం చంటిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు ఊపిరి బిగబడతారు.

మొన్న పెళ్లికూతురు షారోను సంతకం పెట్టగానే ఆయన చెక్క అందుకున్నారు. "బాల్‌పెన్నండి తాతగారూ, అద్దక్కర్లేదండి," అని పెళ్లికొడుకు నవ్వాడు. "ఆయ్, తెలుసు బాబూ," అంటూనే వంగారు. పుట్టింటి పేరుతో పెట్టిన ఆ ఆఖరి సంతకం చూసుకుంటున్న షారోను కంట్లోంచి అప్పుడే ఒక బొట్టు పేజీ మీద రాలింది. ఆయన ఆ బొట్టు మీద చెక్కను మెల్లగా రెండుసార్లు ఊపి తీశారు. చెక్కకున్న కాగితం మీద మినపగింజంత చెమ్మ.

పెళ్లివారంతా భోజనాలకు వెళ్లాక ఆయనొక్కరే మిగిలారు. రిజిస్టరు మూసి, చెక్క తిరగేసి, ఆ చెమ్మ మీద వేలు ఆనించారు. అది పూర్తిగా ఆరేదాకా తియ్యలేదు.