ట్యాబ్ కలిపిన జోడీ

మెలెనైటె టీచరుకు ఇరవయ్యారేళ్ల సర్వీసు. వవావు దీవిలోని ఆ ఊళ్లో ఆరో తరగతి దాటినవాళ్లంతా ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్లే. పాఠం బుర్రకెక్కిందో లేదో పిల్లల కళ్లు చూసి చెప్పేసేది. అలాంటి మనిషికి, ట్యాబ్‌లతో చదువు చెప్పే శిక్షణకు వెళ్లొచ్చాక తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది.

ఇరవై నాలుగు మంది పిల్లలకు పన్నెండు ట్యాబ్‌లు వచ్చాయి. ప్రతి శుక్రవారం పరీక్ష. బాగా చదివేవాళ్ల పక్కన వెనకబడ్డవాళ్లను ట్యాబే జోడీ కడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే మార్కు. టర్ము మార్కులు చూసి రాజధానిలోని హైస్కూలుకు ఊరి నుంచి ఒక్క పేరు పంపాలి. అది క్లాసులో ఎప్పుడూ ముందుండే లుసియానె పేరేనని ఊరంతా అనుకుంటోంది.

ఈ టర్మంతా లుసియానెకు జోడీగా పడ్డవాడు సెమిసి, స్వయానా పెద్దమ్మ కొడుకు.

హెడ్మాస్టరు ఫిలిమోనె నవ్వాడు. "ఏమ్మా, అన్నాచెల్లెళ్లను ఒకే బల్ల మీద కుదేశావు? వాళ్ల అమ్మమ్మ చూసిందంటే నీ జుట్టు మిగలదు!"

"ఆ పట్టింపులన్నీ ఇంట్లో సార్. జోడీలు మార్చొద్దని శిక్షణలో మరీమరీ చెప్పారు."

ఆ మాట అన్న మెలెనైటె, అన్నగారు గదిలోకి వస్తే ఇప్పటికీ లేచి బయటికి వెళ్లిపోయే మనిషి. పదేళ్లు దాటిన అన్నాచెల్లెళ్లు అక్కడ పక్కపక్కన కూర్చుని టీవీ కూడా చూడరు.

ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకునే లుసియానెకు వారం వారం తగ్గి చివరికి ఏడు వచ్చాయి. సోమవారం ఆ మార్కు చూడగానే మెలెనైటెకు కోపం నషాళానికంటింది.

"ఏమే, మనసెక్కడ పెట్టుకున్నావ్? ఎవణ్ణయినా ప్రేమించావా ఏంటి?"

ఒక్కరూ నవ్వలేదు. అన్న వింటుండగా చెల్లెల్ని ఆ మాట ఆ దీవుల్లో ఎవరూ అనరు. సెమిసి లేచి బయటికి వెళ్లిపోయాడు. లుసియానె తల బల్లకు ఆనించేసింది. మర్నాటి నుంచి లుసియానె బడికి రాలేదు.

మూడోనాడు మెలెనైటె ఆ పిల్ల ఇంటికి వెళ్లి, అమ్మమ్మ ముందు చాప మీద తల వంచుకుని కూర్చుని క్షమాపణ అడిగింది. తర్వాత లుసియానెను పిలిచి, శుక్రవారం నాటి ప్రశ్నలే నోటితో అడిగింది. ఇరవైకి ఇరవయ్యీ చెప్పింది ఆ పిల్ల.

"మరి ట్యాబ్‌లో ఎందుకు పెట్టలేదే తల్లీ?"

"అన్న చేతిలో ఉండేది కదా టీచర్. ఎలా అడుగుతాను?"

అమ్మమ్మ ముఖం విప్పారింది. "అయితే దీని పేరు పంపుతావుగా?"

మెలెనైటె దాచలేదు. "నిన్ననే పంపేశానమ్మా. దీని పేరు కాదు. మార్చడం కుదరదట."

ముసలావిడ ముఖం తిప్పుకుంది. మెలెనైటెకు ఏడుపు ఆగలేదు. లుసియానె దగ్గరగా జరిగి మెల్లగా అడిగింది.

"రేపు వస్తే నన్ను వేరే బల్ల మీద కూర్చోబెడతారా టీచర్?"